మా బాల్కనీలో పిగిలిపిట్ట కాపురం: 51 రోజుల నా అనుభవం

మే 27 నుంచి జూలై 16 దాకా మా బాల్కనీ మాది కాదు. మేం హన్మకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గర్లో, మొదటి అంతస్తులో ఉంటాం. జాకెట్ల మీద మగ్గం ఎంబ్రాయిడరీ కుట్టే నా చట్రం, బట్టలారేసే తీగ, పూలకుండీలు అన్నీ ఆ బాల్కనీలోనే. పిగిలిపిట్ట (బుల్‌బుల్ పిట్ట) గూడు పెట్టిందని చెప్తే అందరూ "మంచిదే, అదృష్టం" అన్నారు. నిజమే, అదృష్టమే. కానీ ఆ గూడు మనింట్లో ఉన్నన్ని రోజులు ఎట్లా గడుస్తాయో, ఎక్కడ పొరపాటు చేస్తామో చెప్పినవాళ్లు లేరు. రేపు ఇంకెవరింట్లోనైనా గూడు పెడితే వాళ్లకు పనికొస్తుందని తారీఖులతో సహా రాస్తున్నా. మా అమ్మాయి గోడ క్యాలెండర్ మీద రోజూ రాసిపెట్టింది కాబట్టి తారీఖులన్నీ పక్కా.

అసలు సంగతి గూటితో మొదలు కాలేదు, స్కూటీ అద్దంతో మొదలైంది. మే మూడో వారంలో రోజూ పొద్దున ఆరింటికి కింద టక్కు టక్కుమని చప్పుడు. చూస్తే ఒక పిగిలిపిట్ట అద్దం ముందు కూర్చొని అందులో కనిపించే పిట్టను పొడుస్తోంది. ముక్కు నొప్పి పుడుతుందేమోనని నాకు బాధనిపించింది. మా ఆయన పాత సాక్సులు రెండు అద్దాలకు తొడిగితే ఆగిపోయింది. జత కట్టే కాలంలో అద్దంలో తన నీడనే ఇంకో పిట్ట అనుకొని తన జాగాలోంచి తరమాలని చూస్తుందట. ఆ సంగతి మా చిన్న మామయ్య ఫోన్‌లో చెప్పారు. ఆయన పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఈ 51 రోజులూ మాకు డాక్టరూ ఆయనే, ధైర్యమూ ఆయనే.

అదే వారంలో మేం కోతులు రాకుండా బాల్కనీకి ఇనుప జాలీ బిగించడానికి మాట్లాడుకున్నాం. మా కాలనీలో కోతుల బాధ మామూలుగా లేదు. వంటింట్లోకి వచ్చి పప్పు డబ్బాలు ఎత్తుకుపోతాయి. వెల్డింగ్ అన్న మే 24న వచ్చి కొలతలు తీసుకున్నాడు. మొత్తం 18,500, అడ్వాన్స్ 4,000. 30వ తారీఖున వచ్చి బిగిస్తానన్నాడు.

27న మొదటి పుల్ల వచ్చింది.

రోహిణి కార్తె ఎండ. మధ్యాహ్నం మధుమాలతి తీగ నీడలో చట్రం వేసుకొని పెళ్లికూతురి జాకెట్టు కుడుతున్నా. రెండు పిట్టలు వచ్చి ఎదురు పిట్టగోడ మీద వాలాయి. ఒకదాని ముక్కులో చీపురు పుల్ల. ఇంతకుముందు పిగిలిపిట్టను ఎన్నిసార్లు చూసినా ఇంత దగ్గరగా చూసింది లేదు. జానెడుకు కొంచెం తక్కువ పొడవుంటుంది. నల్లటి తల మీద దువ్వని జుట్టులాగ చిన్న కుచ్చు. ఒంటి మీద గోధుమరంగు ఈకలకు అంచులు తెల్లగా ఉండడంతో చేప పొలుసు పేర్చినట్టు కనిపిస్తుంది. ఎగిరినప్పుడు నడుము మీద తెల్లటి మచ్చ, తోక చివర తెల్లటి అంచు. తోక కింద మాత్రం కుంకుమ అద్దినట్టు ఎరుపు. ఆడది ఏదో మగది ఏదో చూసి చెప్పలేం, రెండూ ఒకే తీరు. మా అత్తమ్మ మాత్రం పుల్ల తెచ్చేదాన్ని "పిల్ల" అనీ, పక్కన కూర్చొని అరిచేదాన్ని "పిలగాడు" అనీ పిలవడం మొదలుపెట్టింది.

నాలుగు రోజుల్లో మధుమాలతి తీగ మధ్యలో, నా తలకంటే కొంచెం ఎత్తులో గూడు పూర్తయింది. చూస్తే టీ కప్పు అంత. సన్నటి పుల్లలు, గడ్డి వేళ్లు, మధ్యమధ్యలో సాలెగూడు. సాలెగూడు దేనికో నాకు మొదట అర్థం కాలేదు. ముక్కుతో తెచ్చి పుల్లల చుట్టూ అతికిస్తుంటే తెలిసింది, జిగురు అదే.

జాలీ బిగిస్తానన్న అన్న 30న రాలేదు, జూన్ 1న వచ్చాడు. గూడు చూసి, "అక్కా, ఇంక గుడ్లు లేవు గదా, తీసి పక్కన చెట్టుకు పెడ్తా" అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆయన పని ఆయనది. కానీ గూడు జరిపితే పిట్ట దాన్ని ఒప్పుకోదు, వదిలేసి పోతుంది. మా ఆయన నా ముఖం చూశాడు, నేను అత్తమ్మ ముఖం చూశాను.

"మన ఆడబిడ్డ పురుటికొస్తె ఎల్లగొడ్తమా?" అంది అత్తమ్మ.

అంతే, ఇక ఎవరూ మాట్లాడలేదు. అన్నకు చాయ్ ఇచ్చి, నెలన్నర ఆగమని చెప్పి పంపించాం. అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంది. అడవి పిట్టల గుడ్లు, గూళ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని మామయ్య ఆ రాత్రి చెప్పారు. చట్టం తెలియకపోయినా అత్తమ్మ మాటే మాకు చాలు.

జూన్ 2న, రాష్ట్రావతరణ దినం సెలవు రోజు, మొదటి గుడ్డు. 3న రెండోది, 4న మూడోది. రోజుకు ఒకటి చొప్పున, అన్నీ పొద్దుపొద్దున్నే. లేత గులాబీ కలిసిన తెలుపు మీద ముదురు ఎరుపు, ఊదా చుక్కలు. గుడ్డు పెద్ద కొనవైపు చుక్కలు చిక్కగా ఉన్నాయి. మూడోది పెట్టాక పిట్ట గూట్లో గట్టిగా కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇక నేను చేసిన తప్పు.

6న మా చెల్లెలు కరీంనగర్ నుంచి వీడియో కాల్ చేసింది. గూడు చూపించమంది. ఆకులు అడ్డమొచ్చి సరిగ్గా కనిపించడం లేదు. పిట్ట మేతకు పోయిన సమయం చూసి, కత్తెరతో గూటి ముందున్న నాలుగు కొమ్మలు కత్తిరించాను. నాలుగే. వీడియో బాగా వచ్చింది. కుటుంబం గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఆ ఆకులు ఎందుకున్నాయో ఆ రోజు నాకు తట్టలేదు.

8న మృగశిర కార్తె. అందరిళ్లలోలాగే మా ఇంట్లో కూడా చేపలు. వంటింట్లో కొరమీను ముక్కలకు ఉప్పు కారం పట్టిస్తున్నా. బాల్కనీలో పిట్టల అరుపు. రోజూ అరిచే తీరు కాదు అది. గొంతు చించుకొని, ఆగకుండా. చేతులు కడుక్కోకుండానే ఉరికాను. తీగ మీద కాకి అంత పక్షి, నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. జెముడుకాకి. నన్ను చూసి బరువుగా ఎగిరి పక్కింటి వేపచెట్టులోకి పోయింది. గూట్లో ఏమీ లేదు. ఒక పెంకు ముక్క మాత్రం కింద టైల్స్ మీద పడి ఉంది, దాని చుట్టూ తడి.

రెండు పిట్టలూ చీకటి పడేదాకా వస్తూ పోతూ ఉన్నాయి. ఒకటి వచ్చి గూటి అంచున కూర్చొని లోపలికి తొంగి చూసి పోయేది. అట్లా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నేను కత్తిరించిన ఆ నాలుగు కొమ్మల జాగా తెరిచిన కిటికీలాగ కనిపిస్తోంది. బయట వేపచెట్టు మీద కూర్చుంటే గూడు సూటిగా కనిపిస్తుంది. అత్తమ్మ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

ఇంకో తప్పు కూడా ఉంది, అది తర్వాత మామయ్య చెప్తే తెలిసింది. ఎండలకు పాపమని గూటికి మూడడుగుల దూరంలోనే మూకుడులో నీళ్లు, ఇన్ని బియ్యం పెట్టాను. అవి తినడానికి కాకులు, గోరింకలు రావడం మొదలైంది. కాకి ఒకసారి వచ్చిందంటే అన్నీ చూసుకొని పోతుంది. నీళ్లు పెట్టాలనిపిస్తే మేడ మీద పెట్టాలి, గూటి దగ్గర కాదు.

9న మా ఆయన జాలీ అన్నకు ఫోన్ చేశాడు. ఆయన అప్పటికే వేరే పని ఒప్పుకున్నాడు, వారం దాటాక వస్తానన్నాడు. ఇంతలో తొలకరి వానలు పడ్డాయి. 15న పొద్దున అమ్మాయి వచ్చి, "అమ్మా, మళ్లీ వచ్చినయ్" అంది. ఈసారి మధుమాలతిలో కాదు. వంటింటి కిటికీ పక్కన సజ్జ కింద గొలుసులతో వేలాడే మనీప్లాంట్ కుండీలో. వారం రోజులకే మళ్లీ కాపురం పెడతాయని మేం అనుకోలేదు. ఒక కాన్పు పోతే ఈ పిట్టలు ఇంకో చోటు వెతుక్కుంటాయట, సీజన్లో రెండు మూడుసార్లు కూడా ప్రయత్నిస్తాయట. మా వైపు వానాకాలమంతా వాటికి పిల్లల కాలమే.

అవి ఆ పాత జోడేనా అంటే, నా మనసుకు అవే. పుల్ల తెచ్చేది తెస్తుంటే పక్కన కూర్చొని అరిచే ఆ పద్ధతి అదే.

ఈసారి ఇంట్లో నియమాలు పెట్టుకున్నాం. ఆకు కత్తిరించేది లేదు. ఫోన్ పట్టుకొని దగ్గరికి పోయేది లేదు. చీకటి పడ్డాక బాల్కనీ లైటు వేసేది లేదు. వంటింటి కిటికీకి పాత చీర ముక్క కట్టి, ఒక మూల రెండు వేళ్లు పట్టేంత సందు వదిలాం. చూసేది అందులోంచే, రోజుకు నాలుగైదు సార్లు మాత్రమే. నా చట్రం హాల్లోకి మార్చాను. హాల్లో వెలుతురు చాలక 350 పెట్టి ట్యూబ్‌లైట్ వేయించాం. అయినా సన్నటి పని రాత్రిపూట చేయలేక ఒక జాకెట్టు ఆర్డరు వాపసు ఇచ్చేశాను, 3,500 పోయాయి. బట్టలు మేడ మీద ఆరేస్తే కోతులు అమ్మాయి కాలేజీ డ్రెస్సు చున్నీ ఎత్తుకుపోయాయి. ఇట్లాంటివి ముందు ఎవరూ ఊహించరు.

20న ఒక గుడ్డు, 21న ఒకటి. ఈసారి రెండే.

పొదిగే రోజులు చాలా నెమ్మదిగా గడుస్తాయి. చూడ్డానికి ఏమీ ఉండదు. పిట్ట కూర్చుంటుంది, పావుగంటకో అరగంటకో లేచి పోతుంది, మళ్లీ వస్తుంది. లేచి పోయిన ప్రతిసారీ నాకు టెన్షన్. గుడ్లు చల్లబడతాయేమో, జెముడుకాకి చూస్తుందేమో. మామయ్యకు ఫోన్ చేస్తే, "అది తినకుంటే ఎట్లమ్మా, పోనియ్" అనేవారు. మనీప్లాంటుకు నీళ్లు పోయలేదు. పోస్తే గూడు తడుస్తుంది. సగం ఆకులు పసుపు పచ్చగా మారాయి, అయినా వదిలేశాను. కుండీ గొలుసు పట్టుకొని ఎర్రచీమలు దిగుతుంటే, పిట్ట లేనప్పుడు పైన కొక్కేనికి వాజ్‌లైన్ దట్టంగా పూశాం. ఆ తర్వాత చీమ దాటలేదు. చీమల మందు పొడి అస్సలు వాడకూడదు, పిట్ట ముక్కుకు, కాళ్లకు అంటుకుంటుంది.

24న కోతులు వచ్చాయి. పదకొండు గంటల వేళ. మాకంటే ముందు పిట్టలకే తెలిసింది. ఈ నాలుగు వారాల్లో వాటి అరుపులు మాకు చెవికి పట్టాయి. ఊరికే కూర్చున్నప్పుడు "పీ క్విక్ క్విక్" అని కులాసాగా ఉంటుంది. పిల్లిని చూస్తే, జెముడుకాకిని చూస్తే గరగరమని కోపం. ఈసారి అదే కోపపు అరుపు. నేను స్టీలు పళ్లెం, గంటె తీసుకొని బాల్కనీలో నిలబడ్డా. పిట్టగోడ మీదికి ఎక్కిన పెద్ద కోతి నన్ను చూసి పళ్లు చూపించింది. కాళ్లు వణికాయి. అయినా కదలలేదు, పళ్లెం మోగిస్తూనే ఉన్నా. అత్తమ్మ వెనకనుంచి కట్టె పట్టుకొని వచ్చింది. 20 నిమిషాల తర్వాత మంద పక్క వీధికి పోయింది. పటాకులు కాల్చే అలవాటున్న పక్కింటి వదినను ఆ సాయంత్రం పోయి బతిమాలాను, జూలై దాకా కాల్చొద్దని. ఆమె మారు మాట లేకుండా సరేనంది.

జూన్ చివర్లో ఇంకో పిట్ట కనపడింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, తల మీద పొడవు కుచ్చు. వేపచెట్టు మీద కూర్చొని అరుస్తోంది. అత్తమ్మ చూడగానే చాతకం అంది. వానతో పాటు వచ్చే పిట్ట కదా అని సంతోషపడ్డా. మామయ్య మాత్రం కనిపెట్టుకొని ఉండమన్నారు. చాతకం సొంతంగా గూడు కట్టదు, కోకిల జాతి, వేరే పిట్టల గూళ్లలో గుడ్డు పెడుతుంది, పిగిలిపిట్టల గూట్లో కూడా. మా జంట దాన్ని రెండు రోజులు ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు తరిమాయి. గూట్లో గుడ్లు రెండే ఉన్నాయి, మూడోది చేరలేదు.

జూలై 1 రాత్రి గాలివాన. కరెంటు పోయింది. కుండీ ఊయలలాగ ఊగుతోంది. సజ్జ ఉన్నా జల్లు ఏటవాలుగా కొడుతోంది. మా ఆయన 250 పెట్టి కొన్న కొత్త గొడుగు తెరిచి, పిట్టకు తగలకుండా కుండీకి అటువైపు గ్రిల్లుకు తాడుతో కట్టాడు. ఫోన్ లైటు చేత్తో మూసి పట్టుకుంటే ఆ కొంచెం వెలుతురులో పిట్ట కనిపించింది. రెక్కలు కొంచెం పరిచి, తోక కుండీ అంచుకు ఆనించి, ముక్కు మీది నుంచి నీళ్లు కారుతున్నా కళ్లు మూసుకొని కూర్చుంది. మేం అంత దగ్గరగా నిలబడ్డా లేవలేదు. ఆయన లోపలికి వచ్చి తల తుడుచుకుంటూ, "జాలీ దసరాకు పెట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. అప్పటిదాకా కొంచెం విసుగ్గానే ఉన్న మనిషి.

జూలై 4 పొద్దున పిల్లలు. రెండో గుడ్డు పెట్టిన నాటి నుంచి పదమూడో రోజు. మొదట నాకు పిల్లలని తెలియలేదు. గూట్లో పచ్చి మాంసం ముద్దలాగ ఏదో కదిలింది. ఒంటి మీద ఒక్క ఈక లేదు, కళ్లు మూసి ఉన్నాయి. చప్పుడైతే చాలు మెడలు పైకి లేచి నోళ్లు తెరుచుకుంటాయి. అంత చిన్న ఒంటికి అంత పెద్ద నోరు!

ఇక అక్కణ్నుంచి రోజులు పరిగెత్తాయి. పొద్దున ఆరింటి నుంచి పొద్దుగూకే దాకా తల్లీ తండ్రీ తిరుగుతూనే ఉన్నాయి. మొదటి రోజుల్లో అన్నీ మెత్తటి పురుగులే, పచ్చటి గొంగళిపురుగులు, చిన్న రెక్కల పురుగులు. తర్వాత పండ్లు కూడా. పక్కింటి దొండ తీగకు పండిన ఎర్రటి దొండపండు ముక్కలు నోట్లో పెట్టడం చూశాం. మేత పెట్టాక వెంటనే పోదు. అక్కడే ఆగి చూస్తుంది. పిల్ల వెనక్కి తిరిగి తెల్లటి చిన్న సంచిలాంటిది వేస్తుంది, అదే దాని రెట్ట. పెద్ద పిట్ట దాన్ని అందుకొని మింగేస్తుంది, పెద్దయ్యాక వేసినవి ఎత్తుకుపోయి దూరంగా పడేస్తుంది. అందుకే గూడు కింద నేల 12 రోజులు శుభ్రంగా ఉంది. నేను కంపు కొడుతుందని ముందే ఫినాయిల్ సీసా కొని పెట్టుకున్నా, మూత తీయలేదు.

7న ఒక పెద్ద పిట్ట పురుగు వెంట పడి హాల్లోకి దూరింది. పైన ఫ్యాను ఫుల్ స్పీడులో తిరుగుతోంది. అమ్మాయి స్విచ్ వైపు దూకింది. ఫ్యాను పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగపట్టుకొని నిలబడ్డాం. లైట్లు ఆపి, కిటికీ తెరలు మూసి, బాల్కనీ తలుపు ఒక్కటే తెరిచి అందరం వంటింట్లోకి పోతే పది నిమిషాల్లో వెలుతురు చూసుకొని అదే బయటికి పోయింది. ఆ రోజు నుంచి పగలంతా హాల్లో ఫ్యాను బంద్. ఉక్కపోతలో చట్రం ముందు కూర్చుంటే చెమట జాకెట్టు గుడ్డ మీద పడేది, ఒళ్లో తువ్వాలు వేసుకొని కుట్టాను.

9న కళ్లు తెరిచాయి. మర్నాటికి రెక్కల మీద సూదుల్లాగ ఈకల మొలకలు. 13కల్లా నిండా ఈకలు, గూడు పట్టక ఒకదాని మీద ఒకటి.

15న పొద్దున ఆరున్నరకు ఒక పిల్ల కుండీ అంచు ఎక్కింది. పెద్దవి మేత నోట్లో పెట్టుకొని కూడా దగ్గరికి రావడం లేదు. నాలుగడుగుల దూరంలో మధుమాలతి మీద కూర్చొని పిలుస్తున్నాయి. పిల్ల రెండుసార్లు ముందుకు వంగి వెనక్కి తగ్గింది. మూడోసారి దూకి, ఎగిరిందో పడిందో తెలియకుండా తీగలో చిక్కుకొని నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఇంతలో రెండోది దూకింది. దూకింది గానీ పోలేదు. కుండీ అంచు కింద తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటోంది. ఒక కాలు పైకి లాగినట్టు ఉంది. కిటికీ సందులోంచి చూస్తే ఏదో సన్నటి గీత. చిలకపచ్చ రంగు.

అది నా దారం. పెళ్లికూతురి జాకెట్టు మీద నెమలి మెడకు వాడిన సిల్కు దారం. మేలో బాల్కనీలో కూర్చొని కుట్టినప్పుడు కత్తిరించిన ముక్కలు కింద పడితే, సాయంత్రం ఊడ్చేటప్పుడు కుండీల మూలల్లో మిగిలిపోయినవి ఉంటాయి. వాటిని కూడా తెచ్చి గూట్లో అల్లుకున్నాయి.

మామయ్యకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. "చేతులు తగిలితే తల్లి రానీయదనేది వట్టి మాట, భయపడకు. మెత్తటి నూలు గుడ్డ తీసుకో. తల కప్పు, ముక్కు దగ్గర గాలి ఆడనియ్. గట్టిగా పిసకొద్దు. లాగొద్దు, కత్తిరించు." మా ఆయన స్టూలెక్కి కుండీని కదలకుండా పట్టుకున్నాడు. నేను పిల్లను గుడ్డతో అందుకున్నా. రెండు మూడు తులాల బరువు కంటే ఎక్కువ లేదు. గుండె కొట్టుకునేది వేళ్లకు తెలుస్తోంది, లెక్కపెట్టలేనంత వేగం. పెద్ద పిట్టలు రెండూ నా తల మీదుగా అరుస్తూ తిరుగుతున్నాయి. ఒకటి కింద టైల్స్ మీద పడి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచింది. దానికి దెబ్బ తగిలిందని అమ్మాయి ఏడ్చేసింది. తర్వాత తెలిసింది, శత్రువు చూపు పిల్ల మీది నుంచి తన మీదికి తిప్పడానికి అట్లా చేస్తుందని.

కళ్లద్దాలు పెట్టుకొని చూశా. దారం కాలికి మడమ పైన మూడు చుట్లు. కింద వేళ్లు ఉబ్బి కొంచెం నల్లబడ్డాయి. చర్మానికీ దారానికీ మధ్య సందు లేదు. పూసల పనికి వాడే సన్నమొన కత్తెర తెప్పించా. పదిహేనేళ్లుగా ఆ కత్తెర నా చేతిలో ఉంది, ఏనాడూ చెయ్యి వణకలేదు. ఆ రోజు మొదటిసారి కత్తెర తెరిచి మళ్లీ మూశాను. రెండోసారి సూది మొన దారం కింద దూర్చి, కొంచెం పైకెత్తి, ఆ సందులో కత్తెర మొన పెట్టి కత్తిరించా. ఒక చుట్టు. రెండోది. మూడోది తెగగానే పిల్ల కాలు లోపలికి ముడుచుకుంది. అత్తమ్మ వెనకాల నిలబడి "అయ్యింది బిడ్డా, అయ్యింది" అంటోంది.

అప్పుడే దగ్గర నుంచి చూశా దాన్ని. తల్లికున్న నలుపు లేదు, మసక గోధుమరంగు. తోక అర అంగుళం మొలక. తోక కింద ఎరుపు రాలేదు, వెలిసిన నారింజ రంగు. నీళ్లు పట్టనా అని అడిగితే మామయ్య గట్టిగా వద్దన్నారు. చుక్క నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పాలూ అన్నమూ ఇంకా ప్రమాదం. గూట్లో పెట్టి, బయటికి దూకకుండా అర నిమిషం అరచెయ్యి మీద కప్పి ఉంచి, మెల్లగా తీసి లోపలికి వచ్చేశాం.

ఏడు గంటల ఐదు నిమిషాలు. ఇక చూస్తూ కూర్చోవడమే. ఏడున్నర అయింది, పెద్దవి రాలేదు. ఏడు ముప్పావు. అవి మొదటి పిల్ల దగ్గరే ఉన్నాయి, మేత దానికే పెడుతున్నాయి. నేను సందు దగ్గర నుంచి కదల్లేదు. ఎనిమిదికి ఐదు నిమిషాలు ఉందనగా ఒకటి వచ్చి కొక్కెం మీద వాలింది. నోట్లో మిడత. అటు ఇటు చూసి కుండీలోకి దిగింది. నోరు తెరుచుకోవడం కనిపించింది. అమ్మాయి క్యాలెండర్ మీద ఆ నిమిషం కూడా రాసింది.

16 మధ్యాహ్నం అది కూడా దూకింది. మెట్ల పక్కన కింద నేల మీద పడింది. కుంటుతోంది, కానీ ఆ కాలు మీద నిలబడుతోంది. కింది పోర్షన్ బాబు పంజరంలో పెంచుకుంటానని అడిగాడు. వాడిని పక్కన కూర్చోబెట్టుకొని, ఐదు నిమిషాలు చప్పుడు చేయకుండా చూడమన్నా. తల్లి కిందికి దిగి మేత పెట్టింది. "దానికి అమ్మ ఉంది కదా ఆంటీ" అన్నాడు. వాడే గేటు దగ్గర కాపలా కూర్చొని పిల్లిని తరిమాడు. సాయంత్రానికి మేం దాన్ని ఎత్తి గోరింట చెట్టు గుబురులో కూర్చోబెట్టాం. గూడు వదిలాక పిల్లలు రెండు మూడు రోజులు సరిగ్గా ఎగరలేవు. కింద కనిపించగానే తల్లి వదిలేసిందని ఇంట్లోకి తెచ్చుకోవద్దు. పిల్లి, కుక్క అందుకోని చోట, దగ్గర్లోనే కొమ్మ మీద పెడితే చాలు, అరుపు విని పెద్దవే వస్తాయి. 22 దాకా నాలుగూ గోరింట, వేపచెట్టు మధ్యలోనే కనిపించాయి.

23న జాలీ బిగించారు. ఇనుము రేటు పెరిగిందని అన్న 1,500 ఎక్కువ అడిగాడు, ఇచ్చాం. బిగించే ముందు కుండీ దింపి గూడు తీశా. అమ్మాయీ నేనూ పేపరు పరిచి మెల్లగా విప్పాం. చీపురు పుల్లలు, గడ్డి వేళ్లు, కొబ్బరి పీచు, పాలకవరు ముక్క ఒకటి, నా దారాలు ఏడు. రెండు చిలకపచ్చ, మూడు ఎరుపు, రెండు జరీ. జరీ అయితే కాలు కోసుకుపోయేదని మామయ్య అన్నారు. ఇప్పుడు చట్రం పక్కన మూత ఉన్న స్వీట్ డబ్బా పెట్టుకున్నా. కత్తిరించిన ప్రతి ముక్క అందులోకే. మగ్గం పని నేర్చుకోవడానికి వచ్చే ఇద్దరు అమ్మాయిలకు కూడా మొదటి రోజు చెప్పేది అదే.

నిన్న పొద్దున ఆరింటికి కింద మళ్లీ టక్కు టక్కు. సాక్సులు ఎప్పుడో ఉతికి లోపల పెట్టేశాం. వెతికి తీసి, మెట్లు దిగిపోయి రెండు అద్దాలకూ తొడిగి వచ్చా.